పేరు పక్కన అంకె: కణ భౌతికశాస్త్రవేత్తల కృషిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయాన్ని అడిగాయి. ఒక కణ భౌతికశాస్త్రవేత్త రాసిన పరిశోధనా పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్కను, అంటే సైటేషన్ల లెక్కను చూసి ఆ వ్యక్తి పరిశోధనా జీవితాన్ని అంచనా వేయవచ్చునా అన్నది ఆ విషయం. మూడు ఉత్తరాలు బెంగళూరు నుంచి, రెండు చెన్నై నుంచి వచ్చాయి. మొదటి ఉత్తరంలో ఒక అమ్మాయి రాబోయే అయిదారేళ్ల జీవితం ముడిపడి ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి కణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకుంటోంది. ఇద్దరు ప్రొఫెసర్లు గైడ్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రయోగాలు చేసే మొదటాయనకు 1200కు పైగా పత్రాలు, 150 దాటిన హెచ్-ఇండెక్స్ ఉన్నాయి. సిద్ధాంతం మీద పనిచేసే రెండో ఆవిడకు 55 పత్రాలు, 24 హెచ్-ఇండెక్స్. ఇందులో ఆలోచించడానికి ఏముందని బంధువులు అంటున్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని. అంకెలు చదవడం వచ్చు గానీ ఈ అంకెలు ఏం చెబుతున్నాయో తెలియడం లేదు. (ఒక తండ్రి, యలహంక, బెంగళూరు)

జవాబు: అయ్యా, మీ బంధువులు వడ్లనూ మల్లెపూలనూ ఒకే కాటా మీద బస్తాల లెక్కన తూచి, వడ్లే ఎక్కువ తూగాయంటున్నారు. ముందు ఆ కాటా సంగతి చూద్దాం. హెచ్-ఇండెక్స్‌ను 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. ఒకరి పత్రాలను సైటేషన్ల వరుసలో పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, కనీసం ఎన్ని సైటేషన్లున్న పత్రాలు అన్నే ఉన్నాయో చూస్తారు. ఆరు పత్రాలకు వరుసగా 40, 22, 9, 6, 5, 3 సైటేషన్లు ఉన్నాయనుకోండి. కనీసం అయిదేసి సైటేషన్లు ఉన్నవి అయిదు పత్రాలు కాబట్టి హెచ్-ఇండెక్స్ 5 అవుతుంది. ఒకే ఒక్క పత్రానికి 3000 సైటేషన్లు వచ్చి మిగిలినవాటికి ఒక్కటీ రాకపోతే హెచ్-ఇండెక్స్ 1 మాత్రమే. ఆ ఒక్క పత్రమే శాస్త్రం దారి మళ్లించినదైనా ఈ లెక్కలో దానికి విలువ లేదు.

ఇప్పుడు మొదటాయన సంగతి. జెనీవా దగ్గర సెర్న్ అనే యూరప్ పరిశోధనా కేంద్రంలో ఉన్న, కణాలను అతివేగంగా ఢీకొట్టించే లార్జ్ హేడ్రాన్ కొలైడర్ అనే యంత్రం మీద అట్లాస్, సీఎమ్ఎస్ అనే రెండు పెద్ద ప్రయోగాలు నడుస్తున్నాయి. ఒక్కోదానిలో సుమారు 3000 మంది రచయితలుగా ఉంటారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, చెన్నైలోని ఐఐటీ మద్రాసు పరిశోధకులు కూడా సీఎమ్ఎస్‌లో భాగస్వాములే. ఆ బృందం నుంచి వెలువడే ప్రతి పత్రం మీదా అర్హత ఉన్న సభ్యులందరి పేర్లూ ఉంటాయి. 2015లో ఈ రెండు బృందాలు కలిసి హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద ప్రకటించిన పత్రానికి రచయితలు 5154 మంది. దాని 33 పేజీల్లో 24 పేజీలు రచయితల పేర్లకు, వారి సంస్థలకే సరిపోయాయి. పదిహేనేళ్లు ఇటువంటి బృందంలో ఉన్నవారి పేరు మీద వెయ్యి పత్రాలు చేరడం సహజమే. అందులో అత్యధిక భాగాన్ని వారు రాసి ఉండరు.

దీన్ని మోసమని ఎవరూ అనుకోకూడదు. ఆ పద్ధతి వెనుక న్యాయమైన ఆలోచన ఉంది. ఒక కొత్త కణం జాడ బయటపడాలంటే సిలికాన్ పలకలను అమర్చినవారు, లక్షల ఘర్షణల్లో ఏది దాచుకోవాలో క్షణంలో వెయ్యోవంతు కంటే తక్కువ వ్యవధిలో తేల్చే ట్రిగ్గర్‌ను తయారుచేసినవారు, అర్ధరాత్రి షిఫ్టులో తెరల ముందు కూర్చున్నవారు, కొలతల్లోని తప్పులను నెలల తరబడి సరిదిద్దినవారు, చివర గ్రాఫు గీసినవారు అందరూ కావాలి. ఒక్కరి పని లేకున్నా ఆ గ్రాఫు ఉండదు కాబట్టి అందరి పేర్లూ పెడతారు. అట్లాస్ పత్రాల్లో పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. సీఎమ్ఎస్ పత్రాల్లో దేశాలవారీగా, సంస్థలవారీగా ఉంటాయి. మొదటి పేరు ఎవరిది, చివరి పేరు ఎవరిది అని చూసే జీవశాస్త్రవేత్తల అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. కాబట్టి 150 అన్న అంకెను ఆ బృందం సాధించిన ఘనతగా చదవాలి. అందులో మీరు చెప్పిన ప్రొఫెసరు గారు చేసిన పని ఎంతో ఆ అంకెలో కనిపించదు. అది చాలా గొప్పదే కావచ్చు.

రెండో ఆవిడ లెక్క వేరు. సిద్ధాంతంలో సాధారణంగా ఒకరి నుంచి నలుగురు కలిసి ఒక పత్రం రాస్తారు. 24 హెచ్-ఇండెక్స్ అంటే ఆవిడ స్వయంగా తలమునకలై చేసిన పనుల్లో ఇరవై నాలుగింటిని ఒక్కోదాన్ని కనీసం ఇరవై నాలుగు పత్రాలు ఉటంకించాయన్నమాట. ఇరవై ఏళ్ల పరిశోధన తరువాత హెచ్-ఇండెక్స్ 20 ఉంటే ఆ శాస్త్రవేత్త జీవితం సఫలమైనట్టేనని హిర్ష్ తన మొదటి పత్రంలోనే రాశారు. ఆ హిర్షే 2020లో, తన కొలమానం కొన్నిచోట్ల ఘోరంగా విఫలమవుతుందనీ, తాను అనుకోని చెడు ఫలితాలకు దారితీసిందనీ ఒప్పుకుంటూ వ్యాసం రాశారు. నియామకాల్లో ఆ అంకెను వాడేవారందరూ ఆ వ్యాసం చదివితే బాగుండునని నా కోరిక.

మీ అమ్మాయి చేయదగిన పని ఒకటి చెబుతాను. కణ భౌతికశాస్త్రానికి ఇన్‌స్పైర్ అనే ఉచిత సమాచార భాండాగారం ఉంది. అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో మొదలైన స్పైర్స్‌కు అది వారసురాలు. అందులో ఒకరి పేరు తెరిచి, పదిమంది లేదా అంతకంటే తక్కువమంది రచయితలున్న పత్రాలను మాత్రమే చూపమని అడగవచ్చు. తమను తాము ఉటంకించుకున్నవాటిని మినహాయించమనీ అడగవచ్చు. సిద్ధాంతపు ఆవిడ పత్రాల్లో రెండింటిని ఎంచుకుని, వాటిని ఉటంకించిన పత్రాలు తెరిచి, ఎక్కడ ఉటంకించారో చూడమనండి. ముందుమాటలో పాతిక పేర్ల గుంపులో ఒకటిగా ఉంటే అది మర్యాద కోసం పెట్టిన పేరు. లోపల నాలుగో విభాగంలో, ఈ సూత్రాన్ని ఫలానా పత్రం నుంచి తీసుకున్నాం అని ఉంటే అది నిజమైన అప్పు. ఇన్‌స్పైర్ లెక్కలో రెండూ ఒక్కొక్కటిగానే పడతాయి. ఇంత పెద్ద తేడాను ఏ కొలమానమూ మనకు విప్పి చెప్పదు, ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే.

ప్రయోగాల ప్రొఫెసరు గారిని మాత్రం సూటిగా అడగాలి: బృందంలో మీరు ఏ పరికరం మీద, ఏ విశ్లేషణ మీద పనిచేశారు? బృందం తరఫున ఏ సమావేశంలో ప్రసంగించారు? మీ విద్యార్థుల థీసిస్‌లు చూపిస్తారా? నిజంగా పనిచేసినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషంగా గంటసేపు మాట్లాడతారు. ఒక నియామక సంఘంలో కూర్చున్నప్పుడు నేను చూసినది ఇక్కడ చెప్పాలి. ఎనిమిదేళ్లు డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసి వచ్చిన ఒక యువకుడిని ఆ పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, కాగితం మీది మూడు అంకెలు చదివి పంపించేశారు. ఆనాడు నేను గట్టిగా అభ్యంతరం చెప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, పరికరాలతో, కంప్యూటర్ ప్రోగ్రాములతో, పెద్ద గుంపులో కలిసి పనిచేయడం మీ అమ్మాయికి ఇష్టమైతే మొదటాయన దగ్గర చేరమంటాను. ఒంటరిగా కాగితం మీద లెక్కతో కుస్తీ పట్టడం ఇష్టమైతే రెండో ఆవిడ దగ్గర చేరమంటాను. చేరేముందు ఇద్దరి విద్యార్థులనూ క్యాంటీన్‌లో కలిసి, ఎన్నేళ్లకు పూర్తయింది, గైడ్ వారానికి ఎంతసేపు కూర్చుంటారు, పూర్తిచేసినవారు ఇప్పుడు ఎక్కడున్నారు అని కనుక్కోమనండి.

ప్రశ్న: నేను సిద్ధాంత కణ భౌతికశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. మూడేళ్ల క్రితం వచ్చిన నా మొదటి పత్రానికి రెండే సైటేషన్లు వచ్చాయి, వాటిలో ఒకటి మాదే. నా పక్క బల్ల మిత్రుడు అందరూ మాట్లాడుకుంటున్న ఒక కొత్త సంకేతం మీద రాస్తే వంద దాటాయి. నేను నా సమస్యను వదిలేయాలా? (ఒక విద్యార్థిని, వేళచ్చేరి, చెన్నై)

జవాబు: అమ్మా, 1967 నవంబరులో స్టీవెన్ వైన్‌బర్గ్ లెప్టాన్ల మీద, అంటే ఎలక్ట్రాన్, న్యూట్రినో వంటి కణాల మీద మూడు పేజీల చిన్న పత్రం ప్రకటించారు. విద్యుదయస్కాంత బలమూ, కొన్ని రేడియోధార్మిక మార్పులకు కారణమైన బలహీన బలమూ ఒకే మూలం నుంచి వచ్చాయని చెప్పే పత్రం అది. తరువాతి మూడు నాలుగేళ్లు దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. కారణం నిర్లక్ష్యం కాదు. అటువంటి సిద్ధాంతంలో లెక్కలు వేస్తే అనంతాలు వస్తాయా, అర్థవంతమైన జవాబులు వస్తాయా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. 1971లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో విద్యార్థిగా ఉన్న గెరార్డ్ టి హూఫ్ట్ ఆ అనంతాలను తొలగించవచ్చని చూపించాక సైటేషన్లు ఒక్కసారిగా పెరిగాయి. 1973లో సెర్న్ ప్రయోగం ఆ సిద్ధాంతం ఊహించిన తటస్థ ప్రవాహాలను, అంటే కణాల విద్యుదావేశం మారకుండా జరిగే బలహీన బలపు చర్యలను కనుగొంది. 1979లో గ్లాషో, సలామ్‌లతో పాటు వైన్‌బర్గ్‌కు నోబెల్ వచ్చింది. ఈనాడు ఆ మూడు పేజీలకు పదివేలకు పైగా సైటేషన్లు ఉన్నాయి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ 2015 డిసెంబరులో మొదలైంది. అట్లాస్, సీఎమ్ఎస్ రెండూ 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఫోటాన్ల (కాంతి కణాల) జంటలు ఉండవలసిన దానికంటే కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పాయి. అది కొత్త కణం జాడ కావచ్చని వివరిస్తూ కొద్ది నెలల్లోనే వందల సంఖ్యలో పత్రాలు వచ్చాయి. ముందు రాసినవారిని తరువాత రాసినవారు ఉటంకించక తప్పదు కాబట్టి, మొదటి వారంలో రాసినవారికి సైటేషన్లు వరదలా వచ్చాయి. 2016 ఆగస్టులో షికాగో సమావేశంలో మరింత సమాచారం బయటపెట్టేసరికి ఆ సంకేతం మాయమైంది. అదంతా గణాంకాల ఊగిసలాట మాత్రమే. ఆ పత్రాలు రాసినవారు మెళకువలు నేర్చుకున్నారు, అది వృథా కాదు. కానీ లేని కణానికి వచ్చిన ఆ సైటేషన్లు ఇప్పటికీ వారి లెక్కలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అయితే మీకు ఉత్తుత్తి ధైర్యం చెప్పను. ఉటంకింపు లేని పత్రాలన్నీ వైన్‌బర్గ్ పత్రాలు కావు, చాలావాటిని ఎన్నటికీ ఎవరూ తెరవరు. మీరు తేల్చుకోవలసింది ఒకటే: ఆ సమస్య తెలిసినవారు మీ పత్రం చదివి పక్కన పెట్టారా, లేక అసలు చూడనే లేదా? మీరు ఎవరి పనిని ముందుకు తీసుకువెళ్లారో వారికి ఒక పేజీ ఉత్తరం రాయండి. తరమణిలోని గణితశాస్త్రాల సంస్థలో సెమినార్ ఇవ్వడానికి అవకాశం అడగండి. చదివినవారు మీ లెక్కలో లోపమో, అనవసరమో ఉందని చెబితే సమస్య మార్చండి. ఎవరూ చూడలేదని తేలితే మరో ఏడాది దాన్నే పట్టుకోండి.

ప్రశ్న: ఇ.సి.జి. సుదర్శన్ గారు మన మద్రాసులో చదువుకున్నవారు, ఇక్కడి సంస్థకు డైరెక్టరుగా ఉన్నవారు. ఆయనకు దక్కవలసిన పేరు వేరేవారికి దక్కిందని అంటారు. సైటేషన్ల లెక్క అటువంటి అన్యాయాన్ని సరిచేస్తుందా, పెంచుతుందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, మైలాపూర్, చెన్నై)

జవాబు: పెంచుతుందనే చెప్పాలి. 1957లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న సుదర్శన్, తన గురువు రాబర్ట్ మార్షాక్‌తో కలిసి బలహీన బలం రూపాన్ని తేల్చారు. దాన్ని వి మైనస్ ఎ సిద్ధాంతం అంటారు. అప్పటి ప్రయోగాల్లో కొన్ని దీనికి విరుద్ధంగా ఉన్నాయి. సిద్ధాంతాన్ని సర్దుకోవడానికి బదులు, ఆ ప్రయోగాలనే మళ్లీ చేయాలని వారు చెప్పారు. మళ్లీ చేస్తే వారి మాటే నిజమైంది. ఇరవై ఆరేళ్ల కుర్రవాడికి ఆ తెగువ ఉండటం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కానీ ఆ ఫలితం 1957 ఏప్రిల్‌లో రోచెస్టర్‌లోనే జరిగిన పెద్ద సమావేశంలో వేదిక ఎక్కలేదు. సెప్టెంబరులో ఇటలీలోని పాడువా, వెనిస్ సమావేశంలో చెప్పారు. ఆ సమావేశపు సంపుటం అచ్చయ్యేలోపు, 1958 జనవరిలో రిచర్డ్ ఫైన్‌మన్, మరీ గెల్‌మాన్‌ల పత్రం ఫిజికల్ రివ్యూలో వచ్చేసింది. అందరి చేతిలోనూ ఉన్నది ఆ పత్రిక కాబట్టి అందరూ దాన్నే ఉటంకించారు. వారు రాసింది చూసి తరువాతివారు కూడా అదే రాశారు. ఆ సిద్ధాంతాన్ని కనుగొన్నది సుదర్శన్, మార్షాక్‌లేనని తరువాత ఫైన్‌మన్ కూడా బహిరంగంగా ఒప్పుకున్నారు. అయినా ఈ రెండు పత్రాల సైటేషన్ల మధ్య దూరం తగ్గలేదు. తరువాతి తరానికి కొంత రక్షణ దొరికింది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ ప్రారంభించిన ఆర్కైవ్ అనే ఉచిత పత్రాల భాండాగారంలో పత్రం పెట్టిన రోజు తేదీతో సహా నిలిచిపోతుంది. సమావేశపు సంపుటం కోసం ఎదురుచూసే అవస్థ ఈనాటి విద్యార్థికి లేదు.

మీరు మైలాపూరు నుంచి రాశారు కాబట్టి ఒక మాట చేర్చకుండా ఉండలేను. సుదర్శన్ 1980ల్లో డైరెక్టరుగా ఉన్న ఆ గణితశాస్త్రాల సంస్థకు బీజం పడింది మీ పేటలోనే. రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు, మన తెలుగువాడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి ఇల్లు ఏకామ్ర నివాస్‌లో ఆయన కుమారుడు అల్లాడి రామకృష్ణన్ విద్యార్థులను కూర్చోబెట్టి సెమినార్లు నడిపేవారు. 1960లో నీల్స్ బోర్ వచ్చి ఆ సెమినార్లను చూసి మెచ్చుకుని, ఆ మాట నెహ్రూ చెవిన వేశారు. 1962 జనవరిలో సంస్థ ఏర్పడింది. అరవై ఏళ్లుగా అక్కడ తయారైన విద్యార్థులు రాసిన ఏ పత్రం చివరా ఆ ఇంటి హాలు పేరు ఉండదు. నా దృష్టిలో రామకృష్ణన్ గారి పరిశోధనా జీవితంలో అన్నిటికంటే పెద్ద ప్రభావం అదే.

ప్రశ్న: పెళ్లి తరువాత ఇంటిపేరు మారితే పాత పత్రాల సైటేషన్లు నా లెక్కలోంచి పోతాయా? పైగా నా పేరులోని పొడి అక్షరాలతో మరో ఇద్దరు ఉన్నారు. (పరిశోధకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు)

జవాబు: చూసుకోకపోతే పోతాయి. ఇంటిపేరును ఒక్క అక్షరంగా ముందు రాసుకునే మన పద్ధతి వల్ల రావులు, రెడ్లు, లక్ష్ములు సమాచార భాండాగారాల్లో ఒకరిలో ఒకరు కలిసిపోతుంటారు. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్యను ఉచితంగా తీసుకోండి. పాత పేరు, కొత్త పేరు రెండూ దానికి జతచేయండి. ఇన్‌స్పైర్‌లో మీ పత్రాలను మీవని స్వయంగా నమోదు చేసుకోండి, మీవి కానివాటిని తొలగించండి. పరిశోధనలో ఒకే పేరుతో కొనసాగాలనుకుంటే అది పూర్తిగా మీ ఇష్టం. ఆ విషయంలో అత్తవారింటి ఒత్తిడికి లొంగవద్దని మాత్రం పెద్దవాడిగా చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారు కోలారు బంగారు గనుల్లో పనిచేశారు. కింద చాలా లోతున టాటా సంస్థవారు ఏవో యంత్రాలు పెట్టి ఆకాశం నుంచి వచ్చేవాటిని పట్టేవారని చెప్పేవారు. వారు ఏం కనుగొన్నారు? ప్రపంచం దాన్ని ఇంకా తలుచుకుంటుందా? (కృష్ణరాజపురం, బెంగళూరు)

జవాబు: మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1950ల మొదటి నుంచే ఆ గనుల్లో కొలతలు తీశారు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిలోని పరమాణు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు (ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువులు), న్యూట్రినోలు (దేనితోనూ దాదాపు తగలకుండా దూసుకుపోయే ఆవేశం లేని కణాలు) పుడతాయి. నేల మీద అయితే మ్యూయాన్ల హోరులో న్యూట్రినో జాడ వినిపించదు. రెండు కిలోమీటర్లకు మించిన రాయి మ్యూయాన్లను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రినోలను మాత్రం ఆపలేదు. అందుకే సుమారు 2300 మీటర్ల లోతున, ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలను (కణం తాకితే మెరిసే పలకలను) గోడల్లా నిలువుగా నిలబెట్టారు. పైనుంచి వచ్చేవాటిని వదిలి, పక్క నుంచి అడ్డంగా దూసుకువచ్చే కణం కోసం కాచుకున్నారు. అంత లోతున అడ్డంగా వచ్చిన మ్యూయాన్ పక్క రాతిలో న్యూట్రినో తాకిడికి పుట్టినదే అయి ఉండాలి. 1965లో టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను గుర్తించినట్టు ప్రకటించాయి. అదే రోజుల్లో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రీన్స్ బృందం కూడా వాటిని గుర్తించింది. 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే ఇవే వాతావరణ న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకానికి మారుతాయని నిరూపించింది. అందుకు తకాకి కజితాకు 2015లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది.

ప్రపంచం తలుచుకుంటుందా అంటే, న్యూట్రినోల చరిత్ర రాసేవారు తప్పక తలుచుకుంటారు. కానీ ఈనాడు వాతావరణ న్యూట్రినోల మీద పత్రం రాసేవారు 1998 నాటి ఫలితాన్ని ఉటంకిస్తారు, కోలారు దాకా వెళ్లరు. ఒక విషయం అందరికీ తెలిసిన సత్యంగా మారాక, దాన్ని మొదట కనుగొన్నవారి పేరు చెప్పడం ఆగిపోతుంది. గురుత్వాకర్షణ గురించి రాసేటప్పుడు ఎవరూ న్యూటన్ గ్రంథాన్ని ఉటంకించరు కదా. ఆ విధంగా చూస్తే కోలారు పత్రానికి ఈ రోజు వచ్చే సైటేషన్లు తక్కువగా ఉండటానికి కారణం అది మరుగున పడటం కాదు, పాఠ్యపుస్తకంలో కలిసిపోవడం.

1965 పత్రం మీద ఉన్నవి శాస్త్రవేత్తల పేర్లు మాత్రమే. యంత్రాలను ఆ లోతుకు దించడంలో, ఆ వేడిలో గుహలను తొలిచి నిలబెట్టడంలో పాలుపంచుకున్న గని కార్మికుల పేర్లు అందులో లేవు. పరికరం నిలబెట్టినవారందరినీ రచయితలుగా చేర్చుకునే ఇప్పటి ఆచారాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ కార్మికులు గుర్తుకు వస్తారు. గనులు 2001లో మూతపడ్డాయి, ఆనాటివారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మీ నాన్నగారు ఆ యంత్రాల గురించి చెప్పిన మాటలు, ఆయన దిగిన లోతు, అక్కడి వేడి, ఆయన చూసినవారి గురించి మీకు గుర్తున్నంతవరకు రాసి పంపండి. ఫొటోలు ఉంటే వాటి నకళ్లు కూడా జతచేయండి.